చెల్లే కార్డు, దొరికే మంచం

2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారినప్పుడు తిరుపతి, చిత్తూరు వైపు నుంచి అమెరికాకొచ్చి స్థిరపడినవాళ్లలో చాలామందిని ఇంటి దగ్గర అమ్మ అడిగిన ప్రశ్న ఒకటే: “ఈ ఆరోగ్యశ్రీ కార్డు ఇంగ చెల్లుతాదా నాయనా?”

అమ్మ అలా అడగడంలో వింతేమీ లేదు. పేదల ఉచిత వైద్యానికి 2007లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఆరోగ్యశ్రీగా మొదలుపెట్టిన పథకం రాష్ట్ర విభజన తర్వాత చంద్రబాబు నాయుడు హయాంలో ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. 2019లో జగన్‌మోహన్‌రెడ్డి రాగానే వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది. 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు సైతం 2022లో ఒకలా, 2024లో మరోలా మారింది.

పేర్ల గొడవ ఎలా ఉన్నా, పథకాన్ని ఎత్తేసే సాహసం ఏ ముఖ్యమంత్రీ చేయలేదు. పైగా పరిధి పెరుగుతూ వచ్చింది. 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాది పరిమితి 25 లక్షల రూపాయలకు చేరింది. మనం ఉంటున్న అమెరికాలోనూ ఇంతే. ఒబామా తెచ్చిన ఆరోగ్య చట్టాన్ని 2017 జులైలో రిపబ్లికన్లు రద్దు చేయబోతే వాళ్ల సొంత పార్టీ సెనేటర్ మెకెయిన్ ఓటే అడ్డుపడింది. జనానికి ఒకసారి అందిన వైద్యాన్ని బాహాటంగా లాక్కోవడం ఎక్కడా తేలిక కాదు. కానీ చప్పుడు లేకుండా కోత పెట్టే దారులు ఉంటాయి. మన రాష్ట్రంలో ఆ దారి పేరు బకాయి.

2024 మే నెలలో పాత ప్రభుత్వం ఉండగా, 2025 అక్టోబరులో కొత్త ప్రభుత్వం ఉండగా, ప్రైవేటు నెట్‌వర్క్ ఆస్పత్రులు ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదని ఈ పథకం కింద సేవలు నిలిపేశాయి. ఆ రోజుల్లో పుంగనూరు నుంచి వచ్చిన రోగి పరిస్థితి ఊహించండి. చేతిలో కార్డు ఉంది, రేషన్ కార్డు జిరాక్సు ఉంది, స్కానింగు రిపోర్టులున్న ప్లాస్టిక్ కవరు ఉంది. కౌంటరు దగ్గర పథకం సహాయకుడు ఆరోగ్యమిత్ర “రెండు రోజులాగి రండి” అంటాడు. నొప్పి ఆగదు కాబట్టి ఇంట్లోవాళ్లు బంగారం కుదువపెట్టి వేలూరు ఆస్పత్రికి బస్సెక్కుతారు. 25 లక్షల పరిమితి ఆ పూట వాళ్లకు ఎందుకూ కొరగాదు.

ఈలోగా చెల్లింపు పద్ధతినే మార్చే నిర్ణయం వచ్చింది. రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు భరించేలా 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. బకాయిలు తీరితే సంతోషమే. కానీ బీమా కంపెనీ ఒక్కో కేసు తిరస్కరించినప్పుడల్లా దానికి మిగులే. కాదన్న ప్రతి కేసుకూ కారణం తెలుగులో రాసి రోగి చేతికివ్వాలి, వెంటనే అప్పీలు చేసుకునే వీలుండాలి. అమెరికా బీమా కంపెనీలతో పడిన పాట్లు మనకు తెలుసు గనుక ఈ హెచ్చరిక మనమే గట్టిగా చెప్పాలి.

అంతకన్నా పెద్ద ప్రశ్న మదనపల్లెది. క్షయరోగులకోసం 1915 నుంచి ఆరోగ్యవరం శానటోరియం నడిచిన ఊరు అది. గత ప్రభుత్వం తలపెట్టిన 17 ప్రభుత్వ వైద్య కళాశాలల్లో ఒకటి అక్కడిది. దాన్నీ, మరో తొమ్మిదింటినీ ప్రైవేటు భాగస్వామ్యానికి ఇవ్వాలని నేటి ప్రభుత్వం నిర్ణయించింది. ప్రతిపక్షం దీన్ని అమ్మకం అంటోంది. అయితే 2023లో మొదలైన ఐదు కొత్త ప్రభుత్వ కళాశాలల్లో 35 శాతం సీట్లకు ఏడాదికి 12 లక్షలు, 15 శాతం ఎన్నారై సీట్లకు 20 లక్షలు ఫీజు పెట్టింది నాటి ప్రభుత్వమే. అప్పుడు దాన్ని తప్పుపట్టినవాళ్లే ఇప్పుడు ప్రైవేటు దారి పట్టారు. ఈ విషయంలో ఏ పార్టీకీ మరో పార్టీని నిందించే అర్హత లేదని మా అభిప్రాయం.

ఆ ఎన్నారై సీటు మన పేరు మీదే ఉంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలకు ఆ కళాశాలల్లో సీటు దొరకడం సౌకర్యమే. కానీ ప్రభుత్వ భూమిలో, ప్రభుత్వ డబ్బుతో లేచిన కళాశాలలో ఆ సీటు పలమనేరు రైతుబిడ్డకు అందకుండా పోతే, ఆ సౌకర్యం మనకు అక్కర్లేదని చెప్పగలగాలి.

చిత్తూరు జిల్లా ఆస్పత్రిని అపోలో వైద్య కళాశాల విద్యార్థుల శిక్షణకు అప్పగించిన అనుభవం జిల్లాకు ఉంది. అక్కడ పేదలకు పెరిగిందేమిటి, తగ్గిందేమిటి అనే లెక్క తేల్చాకే మదనపల్లెలో అడుగు వేయాలి. ఇక ఇప్పటికే ఉన్న ప్రభుత్వ ఆస్పత్రుల్లో తిరుపతి రుయా సంగతి చూడండి. 2021 మే 10న ఆక్సిజన్ సరఫరా తెగి 11 మంది ప్రాణాలు పోయాయని అధికారులే చెప్పారు. పెద్దాస్పత్రిలో ఆక్సిజన్, నర్సులు, మందులు ఉండేలా చూడని ప్రభుత్వం ఎన్ని కార్డులిచ్చినా వృథా.

తిరుమల తిరుపతి దేవస్థానం ప్రాణదాన ట్రస్టుకూ, పద్మావతి చిన్నపిల్లల ఆస్పత్రికీ విరాళాలిస్తున్న మన ప్రవాస సంఘం సభ్యులకు చేతులెత్తి నమస్కారం. ఇచ్చే చేతికి అడిగే హక్కు కూడా ఉంది. మదనపల్లె కళాశాల ఒప్పందంలో ఉచిత మంచాలెన్ని, కన్వీనర్ కోటా సీట్లెన్ని, ఫీజులెంత అన్నవి సంతకాలకు ముందే ప్రజల ముందు పెట్టాలని మన సంఘం తరఫున ముఖ్యమంత్రికి, ప్రతిపక్ష పార్టీ అధ్యక్షుడికి ఒకే లేఖ పంపుతున్నాం. మీరు ఏ పార్టీ అభిమానులైనా సరే, ఆ లేఖ మీద సంతకం చేయండి.