ప్లూటో పక్కన ఉబ్బు

ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో ‘పనికిరాదు’ అని ముద్ర వేసి మేము పక్కన పెట్టించిన నమూనాలకు లెక్క లేదు. వాటిలో ఏదైనా మాకు ఏమైనా చెప్పబోయిందా అన్న సందేహం షారన్ కథ తలచుకున్నప్పుడల్లా కలుగుతుంది.

1978 జూన్‌లో అమెరికా నౌకాదళ వేధశాలలో జేమ్స్ క్రిస్టీ ప్లూటో ఛాయాచిత్ర ఫలకాలను పరిశీలిస్తున్నారు. కొన్నింటిలో ప్లూటో బింబం ఒక పక్కకు ఉబ్బి ఉంది. లోపభూయిష్టమని వాటిని అంతకుముందే తిరస్కరించారు. దూరదర్శిని కదిలి ఉంటే చుట్టూ ఉన్న నక్షత్రాలు కూడా సాగి కనిపించాలి కదా! అవి గుండ్రంగానే ఉన్నాయి. పాత ఫలకాలు తీసి చూడగా, ఆ ఉబ్బు సుమారు 6.4 రోజులకొకసారి ప్లూటోను చుట్టి వస్తోందని తేలింది. అది ఉపగ్రహం! దానికే షారన్ అని పేరు పెట్టారు. దాని కక్ష్య ఆధారంగానే ప్లూటో ద్రవ్యరాశి భూమి ద్రవ్యరాశిలో 0.2 శాతం మాత్రమేనని లెక్క కట్టగలిగారు. 2006లో ప్లూటో మరుగుజ్జు గ్రహాల వర్గంలో చేరింది. 2015లో న్యూ హొరైజన్స్ నౌక దగ్గరగా చిత్రించిన షారన్ వ్యాసం 1,212 కి.మీ., అంటే ప్లూటో వ్యాసంలో సగం!

లోపమున్నదానిని తిరస్కరించవలసిందే. అయితే పక్కనున్నవన్నీ సవ్యంగా ఉండగా ఇదొక్కటే ఎందుకు వంకర పోయిందని ముందుగా అడగాలి. ఆ ప్రశ్న మేము ఆలస్యంగా నేర్చుకున్నాము. యువ సహోద్యోగులు ఇప్పుడే నేర్చుకోవాలని మా కోరిక.