చూపులో సగము

మెదడులోని కంతికి చికిత్స జరిగిన పిదప కొందఱికి చూపున నొక ప్రక్క సగము లోపించును. ఆ ప్రక్కనున్న పెరుగుగిన్నెను కాలితో తన్నిన కోడలిని పరాకుమనిషి యని నిందించు నత్తలను మేమెఱుగుదుము. సోదరీమణులారా! ఎడమ కన్ను చెడినదనుకొని వెంటనే క్రొత్త కన్నద్దములు కొననేల? ఒక్కొక్క కన్నే మూసి చూడుమనుఁడు. రెంటికిని ఆ ప్రక్కయే కానరాకున్నచో, దెబ్బ కంటికి గాదు, మెదడులో చూపు నడచు త్రోవకు.

ఎడమ సగము పోయినవారికి చదువునప్పుడు పంక్తి మొదలు దొరకదు. పుట యెడమ యంచున నెఱ్ఱని పట్టీ నుంచి, అది కనబడువఱకు తల త్రిప్పుట యలవాటు చేయింపవలెను. విస్తరిలో ఎడమవైపు కూర మిగిలినచో, రుచింపలేదని నొచ్చుకొనక విస్తరి త్రిప్పుఁడు. పొయ్యికడ మాత్రము తొందర వలదు. కాగిన నూనె కానరాని వైపున నుండరాదు. చూపు మఱింత తగ్గినను, తలనొప్పితో వాంతులైనను నాడే వైద్యునికడకు గొనిపోవలెను.