టికెట్ హైదరాబాద్‌లో.. తీర్పు ఊళ్లో! ఉత్తర తెలంగాణ లెక్క ఏం చెబుతోంది?

ఎమ్మెల్యేను ఎన్నుకునేది ఓటరే. కానీ ఓటరు ముందుకు ఎవరి పేరు రావాలో తేల్చేది మాత్రం పార్టీ అధిష్టానం. ఈ రెండింటి మధ్య దూరం ఎంతుందో 2023 అసెంబ్లీ ఎన్నికల్లో ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు చూపించాయి.

ఆ ఏడాది ఆగస్టు 21న బీఆర్ఎస్ అధినేత కేసీఆర్ ఒకేసారి 115 మంది పేర్లు ప్రకటించారు. సిట్టింగుల్లో ఎక్కువ మందికి మళ్లీ ఛాన్స్ దక్కింది. ఈ రెండు ఉమ్మడి జిల్లాల్లో సిట్టింగులను పక్కన పెట్టింది ఐదు చోట్లే. బోథ్, ఆసిఫాబాద్, ఖానాపూర్, కోరుట్ల, వేములవాడ.

డిసెంబర్ 3న ఫలితాలొచ్చాయి. ఆదిలాబాద్‌లోని 10 సీట్లలో బీఆర్ఎస్‌కు మిగిలినవి రెండే. ఆ రెండూ అభ్యర్థిని మార్చిన బోథ్, ఆసిఫాబాద్. సిట్టింగులకే టికెట్ ఇచ్చిన ఏడు చోట్లా ఓటమే. మంత్రి ఇంద్రకరణ్ రెడ్డి సైతం నిర్మల్‌లో ఓడిపోయారు. కరీంనగర్‌లో 13కి ఐదు దక్కాయి.

అలాగని ముఖం మారిస్తే గెలుపు ఖాయమని కాదు. ఖానాపూర్, వేములవాడ కాంగ్రెస్ ఖాతాలోకి వెళ్లాయి. కోరుట్లలో గెలిచినా, అక్కడ టికెట్ ఇచ్చింది సిట్టింగ్ ఎమ్మెల్యే విద్యాసాగర్ రావు కుమారుడు సంజయ్‌కే. అసలు ప్రశ్న ఏంటంటే.. ఎవర్ని ఉంచాలి, ఎవర్ని మార్చాలి అన్నది ఎవరు తేల్చాలి?

కాంగ్రెస్ ఫీజు పెట్టి మరీ ఆశావహుల నుంచి దరఖాస్తులు తీసుకుంది. వెయ్యికి పైగా వచ్చాయి. కానీ చివరి మాట ఢిల్లీదే. చట్టం కూడా ఇందులో తలదూర్చదు. నామినేషన్ ఎలా వేయాలో 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతుంది. పార్టీ లోపల అభ్యర్థిని ఎలా ఎంచుకోవాలో మాత్రం చెప్పదు. గుర్తు దక్కాలంటే పార్టీ ఇచ్చే బీఫామ్ ఉండాల్సిందే.

అమెరికాలోనూ ఒకప్పుడు ఇదే తీరు. పార్టీ మహాసభల్లో పెద్దలు కూర్చుని పేర్లు ఖరారు చేసేవారు. 1904లో ఓరెగాన్ రాష్ట్రం ఈ విషయాన్నే ప్రజల ఓటుకు పెట్టింది. పార్టీ ఓటర్లే ప్రైమరీలో అభ్యర్థిని ఎంచుకునే చట్టానికి జనం జై కొట్టారు. అదే ఏడాది విస్కాన్సిన్ ఓటర్లూ అదే బాట పట్టారు.

మన దగ్గర 2014లో రాహుల్ గాంధీ కొన్ని లోక్‌సభ స్థానాల్లో ఇలాంటి ప్రయోగం చేశారు. అది నిలదొక్కుకోలేదు. నిజానికి మండల స్థాయి కార్యకర్తల ఓటు తీసుకోవడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. పార్టీ నియమావళిలో ఒక్క నిబంధన పెట్టుకుంటే చాలు. ఆదిలాబాద్‌లో ఓడిన ఆ ఏడుగురి విషయంలో ఊళ్లో జెండా మోసే వాళ్లను ముందే అడిగి ఉంటే ఏం చెప్పేవారో.. అడిగే పద్ధతే లేకపోయింది.