కౌంటరు వెనక మనిషి

మత్తుమందు తయారుచేసే వాల్టర్ వైట్, జెస్సీ పింక్‌మన్ ఒక ఫ్రైడ్ చికెన్ హోటల్లో కూర్చుని, ముఖం తెలియని ఓ పెద్ద మత్తుమందుల వ్యాపారి కోసం ఎదురుచూస్తుంటారు. ఎంతసేపటికీ ఎవరూ రారు. పసుపు చొక్కా వేసుకుని టై కట్టుకున్న మేనేజరు మాత్రం బల్లల మధ్య తిరుగుతూ, వచ్చినవాళ్లను మర్యాదగా పలకరిస్తూ తన పని తాను చేసుకుపోతుంటాడు. వాళ్లు ఎదురుచూసినవాడు అతనే. అంతసేపూ వాళ్లను బేరీజు వేస్తున్నాడు. అమెరికాలో ఏఎమ్‌సీ చానల్ 2008 నుంచి 2013 దాకా ప్రసారం చేసిన 'బ్రేకింగ్ బ్యాడ్' ధారావాహిక రెండో సీజన్లో గుస్తావో ఫ్రింగ్ ఇలా అడుగుపెట్టాడు. వచ్చినట్టు ఎవరికీ తెలియనివ్వకుండా ఓ ప్రతినాయకుణ్ని కథలోకి తీసుకురావడానికి రచయితకు చాలా నిగ్రహం ఉండాలి.

సాహిత్య పత్రికకు టీవీ సీరియల్‌తో ఏం పని అని కొందరు పాఠకులు అడగవచ్చు. చెడ్డవాణ్ని నమ్మేలా రాయడం ఎలా అన్నది కథ రాసే ప్రతి ఒక్కరి సమస్య. ఈ ధారావాహిక సృష్టికర్త విన్స్ గిల్లిగన్, ఆయన రచయితల బృందం దానికి చెప్పిన జవాబు ఈ కాలంలో వచ్చిన మంచి జవాబుల్లో ఒకటి.

న్యూమెక్సికో రాష్ట్రంలోని ఆల్బకర్కీ నగరంలో ఫ్రింగ్ గౌరవనీయుడు. 'లోస్ పోయోస్ ఎర్మానోస్' హోటళ్ల యజమాని. పాత వోల్వో కారు నడుపుతాడు. మత్తుమందుల నిరోధక సంస్థ జరిపే పరుగు పందేలకు చందా ఇస్తాడు, ఆ అధికారులతో కలిసి ఫొటోలు దిగుతాడు. ఓ పెద్ద లాండ్రీ కింద నేలమాళిగలో మెథ్ అనే మత్తుమందు తయారుచేసే అతని కర్మాగారం నడుస్తుంటుంది. ఈ రెండు జీవితాల్లోనూ అతను ఒకేలా ఉంటాడు, అదే భయం పుట్టిస్తుంది. హోటల్లో బల్ల తుడిచే శ్రద్ధ, సరుకు లెక్క చూసే శ్రద్ధ వేరువేరు కావు. ఆ పాత్ర వేసిన జాన్‌కార్లో ఎస్పోసిటో, అందులోని నిశ్చలత కోసం యోగాను ఆశ్రయించానని చెప్పారు. రెప్ప వేయడం కూడా ఆలోచించి వేసినట్టుంటుంది ఆ నటన.

మెత్తగా మాట్లాడే దుర్మార్గుడు మనకు కొత్తేం కాదు. 1975లో బాపు తీసిన 'ముత్యాలముగ్గు'లో ముళ్లపూడి వెంకటరమణ రాసిన కాంట్రాక్టరును, రావు గోపాలరావు పలికిన తీరును తెలుగువాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. అయితే ఆ కాంట్రాక్టరు మాటకారి. తన దుర్మార్గాన్ని తానే చప్పరిస్తూ మాట్లాడతాడు. ఫ్రింగ్‌కు ఆ సరదా లేదు.

టొమాస్ అనే పదకొండేళ్ల పిల్లవాడి చావు దగ్గర ఈ పాత్ర లోతు తెలుస్తుంది. ఫ్రింగ్ కింద పనిచేసే ఇద్దరు వీధి వ్యాపారులు ఆ పిల్లాడి చేత హత్య చేయించారు. జెస్సీ నిలదీస్తాడు. ఫ్రింగ్ ఇరువర్గాలనూ కూర్చోబెట్టి, ఇకమీదట పిల్లలను వాడొద్దని ఆ ఇద్దరికీ గట్టిగా చెబుతాడు. న్యాయంగానే ఉంది. ఆ వెంటనే పిల్లాడు శవమై తేలతాడు. ఇక పిల్లలు వద్దన్న మాటను వాళ్లు అలా అర్థం చేసుకున్నారా? అలాగే అర్థం చేసుకోవాలని ఫ్రింగ్ అన్నాడా? తర్వాత ఎడారిలో వాల్టర్ ఆ ప్రస్తావన తెస్తే, ఓ పిల్లాణ్ని చంపమని నేను చెప్పానా అని అడుగుతున్నావా అంటూ ఫ్రింగ్ ఎదురు ప్రశ్న వేస్తాడు. అలా ఎన్నడూ అడగనంటాడు వాల్టర్. అడగడమే అమర్యాద అయిపోయింది. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు, పని మాత్రం జరిగిపోయింది. కాగితం మీద ఎక్కడా సంతకం లేకుండా ఊళ్లను ఖాళీ చేయించిన పెద్దమనుషులను చూసినవాళ్లకు ఈ సంభాషణ కొత్తగా అనిపించదు. ఇంత చిన్న మాటలో అధికారపు స్వభావాన్ని పట్టుకున్న సన్నివేశాలు నవలల్లో కూడా అరుదు.

నాలుగో సీజన్ మొదట్లో ఫ్రింగ్ తన అనుచరుడు విక్టర్ గొంతు కోసే దృశ్యం గురించి ఇప్పటికే చాలామంది రాశారు. వాల్టర్ ప్రాణభయంతో ఆపకుండా మాట్లాడుతూ ఉంటే ఫ్రింగ్ కోటు విప్పి, పనిబట్టలు తొడుక్కుని, తన సొంత మనిషినే చంపి, చేతులు కడుక్కుని, మళ్లీ కోటు వేసుకుంటాడు. పోతూ పోతూ పనిలోకి దిగండి అంటాడు, అంతే.

ఇంతటి లెక్కల మనిషి ఎక్కడ తప్పాడు? మెక్సికోలో ముఠా నాయకుడు డాన్ ఎలాదియో ఇంటి ఈతకొలను పక్కన, ఒకప్పుడు ఫ్రింగ్ సహచరుడు మాక్స్‌ను ఆ ముఠాకే చెందిన హెక్టర్ సలమాంకా కాల్చి చంపాడు. ఫ్రింగ్ ముఖాన్ని నేలకు నొక్కిపెట్టి ఆ చావు చూపించారు. నువ్వెవరివో తెలుసు కనుకే ప్రాణంతో వదులుతున్నానంటాడు ఎలాదియో. తాను వచ్చిన చిలీ దేశంలో ఫ్రింగ్ ఎవరో మనకు మాత్రం చివరిదాకా చెప్పరు. ఆ ఖాళీని నింపకపోవడం ఈ రచయితల గొప్ప నిర్ణయం. ఈ కథకు ముందుకథగా తర్వాత వచ్చిన 'బెటర్ కాల్ సాల్' ధారావాహికలో, 2018 నాటి సీజన్లో, కోమాలో ఉన్న హెక్టర్ మంచం పక్కన ఫ్రింగ్ తన చిన్ననాటి సంగతి ఒకటి చెబుతాడు: చెట్టు పండ్లు తినిపోయిన కోఆటీ అనే జంతువును పట్టుకున్నాడు, దాని కాలు విరిగింది, చంపడమే దయ అని తెలిసీ తన దగ్గరే ఉంచుకున్నాడు. ఎందుకలా అయ్యాడో చెప్పకుండా, ఎలాంటివాడో ఆ ఒక్క సంగతితో చెప్పేశారు.

మాట పడిపోయి, చక్రాల కుర్చీలో గంట మోగిస్తూ మిగిలిన హెక్టర్‌ను ఫ్రింగ్ చంపడు. వృద్ధాశ్రమానికి వెళ్లి, నీ వాళ్లంతా పోయారని చెప్పి, తన కళ్లలోకి చూడమంటాడు. చివరికి అతన్ని చంపే పనిని వేరేవాళ్లకు అప్పగించకుండా తనే వెళ్లాడు. హెక్టర్ కుర్చీకి కట్టిన బాంబు పేలింది. అంతకుముందు ఏ ఉచ్చులోనూ పడనివాణ్ని మాక్స్ మీది దుఃఖం అక్కడికి నడిపించింది. అతనిలో మిగిలిన మానవ సంబంధం అదొక్కటే. సగం ముఖం పోయాక టై సర్దుకుని కూలిపోయే షాట్ కొంత ఆర్భాటమే అనిపిస్తుంది, కానీ ఆ చేతి కదలిక మాత్రం ఆ మనిషిదే.

ఇలాంటి పాత్రలు దుర్మార్గానికి మెరుగులు దిద్దుతాయన్న అభ్యంతరాన్ని తేలిగ్గా తోసేయకూడదు. రెండో సీజన్లో మత్తుకు బానిసలైన ఓ జంటను, తిండి లేక వాళ్లింట్లో తిరుగుతున్న పసివాణ్ని ఈ ధారావాహికే భరించలేనంతగా చూపించింది. ఫ్రింగ్ సామ్రాజ్యం పెరిగేకొద్దీ అలాంటి ఇళ్లు తెరమీద తగ్గిపోయాయి. అతని హోటల్లో చికెన్ తినేవాళ్లను చూసినంతగా అతని సరుకు కొనేవాళ్లను మనం చూడం. బాల్టిమోర్ నగరం మీద హెచ్‌బీఓ 2002 నుంచి 2008 దాకా ప్రసారం చేసిన 'ది వైర్', బబుల్స్ అనే వ్యసనపరుణ్ని ఐదు సీజన్లూ కథలో నిలబెట్టింది. అందుకే అక్కడ మత్తుమందుల ముఠా నాయకుడు మార్లో స్టాన్‌ఫీల్డ్ ఎంత చల్లగా మాట్లాడినా, ఆ చల్లదనం ఎవరి నరాల్లోకి ఎక్కుతోందో ప్రేక్షకుడు మరవలేడు. ఫ్రింగ్ కథలో ఆ మరుపుకు చాలా వీలుంది.