ఆ బిడ్డ కులం ఎవరి పేరున?

2023 ఫిబ్రవరి 8న కేరళలోని కోళికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో ఒక బిడ్డ పుట్టింది. ఆ బిడ్డను కన్నది జహాద్ అనే ట్రాన్స్ పురుషుడు. ఆయన సహచరి జియా పావల్ ట్రాన్స్ స్త్రీ, నర్తకి. పుట్టుకతో స్త్రీగా నమోదై, పురుషుడిగా జీవించడానికి చికిత్స ప్రారంభించిన జహాద్, బిడ్డ కోసం ఆ చికిత్సను మధ్యలో ఆపుకున్నారు. ప్రసవానికి కొద్ది రోజుల ముందు ఆ జంట బయటపెట్టిన ఫొటోలు దేశమంతా తిరిగాయి.

ఆ వారం నేను పాఠం చెప్పడానికి వెళ్ళేసరికి విద్యార్థుల ఫోన్లలో అవే ఫొటోలు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల నుంచి వచ్చిన పిల్లలు వారు. కొందరు నవ్వారు. కొందరు ఇది ప్రకృతి విరుద్ధమన్నారు. ఇంకొందరు ఆ పసిబిడ్డ గతేమిటని జాలిపడ్డారు. బయట టీకొట్ల దగ్గర వినిపించిన మాటలూ ఈ మూడే. చివరి వరుసలో కూర్చున్న ఒక దళిత విద్యార్థి మాత్రం నాలుగో మాట అడిగాడు: ‘మరి ఆ బిడ్డకి కులం సర్టిఫికెట్టు ఎవలి పేరన ఇస్తారు సార్?’ తరగతి గొల్లుమంది. నాకు నవ్వు రాలేదు, జవాబూ తోచలేదు. ఆ నలుగురిలో అసలు విషయాన్ని పట్టుకున్నవాడు అతనేనని తర్వాత అర్థమయింది. ఈ వ్యాసం అతనికి ఆలస్యంగా ఇస్తున్న సమాధానం.

ముందు ‘ప్రకృతి విరుద్ధం’ అన్న మాటను చూద్దాం. గర్భాశయం, అండాశయాలు ఉన్న ట్రాన్స్ పురుషుడు హార్మోన్ చికిత్స ఆపితే గర్భం ధరించే అవకాశం ఉంటుంది. వైద్యపరంగా ఇందులో అద్భుతమేమీ లేదు. అమెరికాలో థామస్ బీటీ అనే ట్రాన్స్ పురుషుడు 2008లోనే బిడ్డను కన్నాడు. ఇక సంప్రదాయం సంగతి చెప్పుకోవాలంటే, మంత్రజలం తాగిన యువనాశ్వుడి కడుపున మాంధాత పుట్టిన కథ భాగవతం నవమ స్కంధంలోనే ఉంది. పురుషుడిగా పిల్లలకు తండ్రై, స్త్రీగా మారి పురూరవుణ్ణి కన్న సుద్యుమ్నుడి కథా అక్కడే ఉంది. చంద్రవంశమంతా ఆ గర్భం నుంచే వచ్చింది. పురాణాన్ని ప్రమాణంగా చూపడం నా ఉద్దేశం కాదు. రాజు కన్నప్పుడు వంశోద్ధారణగా తోచినది, సామాన్యుడు కన్నప్పుడు మాత్రమే వికృతంగా ఎందుకు తోస్తున్నదన్నదే నా ప్రశ్న.

మన ప్రాంతానికి లింగ సరిహద్దులు దాటిన మనుషులు కొత్త కాదు. తూర్పు భాగవతంలో తెల్లవార్లూ మద్దెల మోతకు సత్యభామగా ఆడేది మగవాడే. ఆ జడకూ, ఆ అలకకూ ఊరు ఊరంతా మురిసిపోతుంది. పలాస నుంచి విశాఖపట్నం దాకా రైలు పెట్టెల్లో చప్పట్లు కొడుతూ వచ్చే హిజ్రా చేతిలో పది రూపాయలు పెట్టి, చంటిబిడ్డ తల మీద చేయి వేయించుకునే తల్లులను చూస్తూనే నేను పెరిగాను. అంటే ఆ చేయి బిడ్డను తాకడం మన సమాజానికి అభ్యంతరం కాదు. దీవించి దిగిపోవాలి, అంతే. అదే చేయి బిడ్డను ఎత్తుకుని ‘నా బిడ్డ’ అంటే మాత్రం భరించలేదు. కనుక ఇక్కడ అసలు తగవు ప్రకృతితో కాదు, వారసత్వంతో.

వారసత్వమంటే మన దగ్గర ఆస్తి ఒక్కటే కాదు. ఇంటిపేరు, గోత్రం, కులం. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో అంబేడ్కర్ కులానికి ప్రాణం అంతర్వివాహంలో ఉందని నిరూపించారు. సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం అనే మూడు దురాచారాలూ ఆ గోడను కాపాడుకునేందుకు పుట్టినవేనని వివరించారు. ఎవరి గర్భంలో ఎవరి బిడ్డ పెరగాలన్నది ముందే నిర్ణయించకపోతే కులం ఒక్క తరం కూడా నిలవదు. అందుకే స్త్రీ గర్భం మీద అంత కాపలా. పురుషుడు కనడం, కన్నవారు తండ్రి కావడం, కననివారు తల్లి కావడం ఆ కాపలాకు అర్థం కాని విషయాలు. కులాంతర వివాహం చేసుకున్న జంటను చూసినప్పుడు కలిగే కోపమూ, ఈ ఫొటో చూసినప్పుడు పుట్టే వెకిలి నవ్వూ ఒకే వేరు నుంచి వచ్చినవని నేను భావిస్తున్నాను.

దీనికి చరిత్రలో గట్టి సాక్ష్యం ఉంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం గురించి మన విద్యార్థులకు తెలుసు. ఆ చట్టపరంపరే తర్వాత మద్రాసు రాష్ట్రానికి విస్తరించి, ఎరుకలను స్టూవర్టుపురం వంటి సెటిల్మెంట్లలో బంధించింది. అయితే అదే 1871 చట్టంలో రెండో భాగం హిజ్రాల కోసం రాసినదని చాలామందికి తెలియదు. వారి పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి. అలా నమోదైనవారు మైనరుకు సంరక్షకులుగా ఉండరాదు, దానం ఇవ్వరాదు, వీలునామా రాయరాదు, కొడుకును దత్తత తీసుకోరాదు. ఈ నాలుగు నిషేధాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. వలస పాలకులు వారి వేషాన్నీ, నృత్యాన్నీ శిక్షించి ఊరుకోలేదు. బిడ్డనూ ఆస్తినీ మరో తరానికి అందించే హక్కునే తీసేశారు. పుట్టుకతోనే నేరస్థులని కొన్ని కులాల మీద ముద్ర వేసిన చేయే, వీరిని వంశం లేనివారిగా చేసింది. నిజాం రాజ్యంలో 1919లో ఇదే పోకడతో వచ్చిన చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది 2023 జులైలో. అంటే జహాద్ బిడ్డ పుట్టిన ఐదు నెలల తర్వాత!

ఆ చట్టాలు పోయినా వాటి తర్కం పోలేదు. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం కుటుంబమంటే రక్తసంబంధం, వివాహం, చట్టబద్ధమైన దత్తత అని నిర్వచించింది. ఇంటి నుంచి గెంటేసిన పిల్లను చేరదీసి, అన్నం పెట్టి, బతుకుతెరువు చూపిన గురువు ఈ నిర్వచనంలో ఎక్కడా లేదు. హిజ్రాలలో గురుశిష్య బంధంతో పాటు తల్లీకూతుళ్ళ బంధం కూడా ఉందని, దానికి పాలతో ముడిపడిన తంతు ఉందని హైదరాబాద్ హిజ్రాల మీద గాయత్రీ రెడ్డి 2005లో వెలువరించిన పరిశోధన గ్రంథం వివరిస్తుంది. చట్టం దృష్టిలో ఆ పాలకు విలువ లేదు. సరోగసీ చట్టం 2021 వివాహిత స్త్రీపురుషుల జంటలకూ, భర్తను కోల్పోయిన లేదా విడాకులు పొందిన స్త్రీలకూ మాత్రమే తలుపు తెరిచింది. దత్తత నిబంధనలు జంటల విషయంలో కనీసం రెండేళ్ళ స్థిరమైన వైవాహిక జీవితాన్ని కోరతాయి. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు స్త్రీపురుష సంబంధంలో ఉంటే ప్రస్తుత చట్టాల కిందే పెళ్ళి చేసుకోవచ్చని అంగీకరించింది గానీ, అవివాహిత జంటల దత్తతకు 3:2 మెజారిటీతో ఒప్పుకోలేదు. జహాద్, జియా కూడా మొదట దత్తత గురించే ఆలోచించారు. అది సాధ్యపడేలా లేకనే గర్భం దాకా వచ్చారు. దత్తత దారిని మూసింది మనమే. గర్భం దారిన వస్తే వింతగా చూసిందీ మనమే.

బిడ్డ పుట్టాక పోరాటం కాగితం మీదికి మారింది. జనన ధ్రువపత్రంలో జియా పేరును తండ్రి గడిలో, జహాద్ పేరును తల్లి గడిలో రాశారు. తామిద్దరినీ ‘తల్లిదండ్రులు’ అని మాత్రమే రాయాలని వారు హైకోర్టుకు వెళ్ళారు. 2025 జూన్ 2న కేరళ హైకోర్టు వారి వాదనను ఆమోదించింది. అదే నెలలో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మరో వివాదంలో తీర్పు ఇచ్చింది. ట్రాన్స్ స్త్రీ అయిన భార్య పెట్టిన 498ఏ కేసులో, ఆమె బిడ్డను కనలేదు గనుక స్త్రీ కాదని భర్త తరఫున వాదించారు. తగిన ఆధారాలతో ఆరోపణలు లేవని కేసును కొట్టివేసినా, ఆ వాదనను న్యాయస్థానం తిప్పికొట్టింది. స్త్రీత్వాన్ని కనే శక్తితో కొలవడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. ఒక చోట కన్నందుకు పురుషుడు కాదన్నారు, మరో చోట కననందుకు స్త్రీ కాదన్నారు. పిల్లలు పుట్టని మన ఇళ్ళ ఆడపిల్లలను ‘గొడ్రాలు’ అని శుభకార్యాల నుంచి తప్పించే కొలబద్ద కూడా ఇదే.

ఇప్పుడు నా విద్యార్థి ప్రశ్నకు వస్తాను. మన రాష్ట్రంలో కుల ధ్రువపత్రాలు 1993 నాటి చట్టం ప్రకారం ఇస్తారు. ఆచరణలో తహసీల్దారు కార్యాలయం ముందుగా అడిగేది తండ్రి పత్రం. కులాంతర వివాహంలో పుట్టిన బిడ్డ తండ్రి కులానికే చెందుతుందన్నది కేవలం ఒక ఊహ అని, బిడ్డ ఏ సామాజిక పరిస్థితుల్లో పెరిగిందో చూసి నిర్ణయించాలని సుప్రీంకోర్టు రమేశ్‌భాయ్ దభాయ్ నాయకా కేసులో 2012లోనే చెప్పింది. ఆ సూత్రాన్ని నిజాయితీగా అమలు చేస్తే సమాధానం దొరుకుతుంది. కులం తండ్రి గడిలోని పేరును బట్టి కాదు, బిడ్డ పెరుగుతూ అనుభవించిన వివక్షను బట్టి తేలాలి. కానీ కౌంటరు దగ్గర ఆ తీర్పు ఎవరికి గుర్తుంటుంది? 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు అనేక అవసరాలకు జనన ధ్రువపత్రమే మూలాధారమయింది. ఆ పత్రంలో ఒక గడి తప్పితే బిడ్డ జీవితమంతా తప్పుతుంది.

ఇదంతా నగరాల గొడవ, మన ఉద్యమాలకు దీనితో పనేమిటని కొందరు మిత్రులు అడుగుతారు. 2011 జనాభా లెక్కల్లో ‘ఇతర’ లింగం కింద నమోదైన 4,87,803 మందిలో 78,811 మంది ఎస్సీలు, 33,293 మంది ఎస్టీలు. దాదాపు నలుగురిలో ఒకరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నమోదైనవారు 43,769 మంది. ఇంటి నుంచి వెళ్ళగొట్టబడిన దళిత ట్రాన్స్ వ్యక్తి ఇంటితో పాటు తండ్రి పత్రాన్నీ, దానితో వచ్చే రిజర్వేషన్‌నూ కోల్పోతుంది. 2014 నాల్సా తీర్పు ట్రాన్స్‌జెండర్లను వెనుకబడిన తరగతులుగా పరిగణించమంది. అయితే ఎస్సీ, ఎస్టీ బిడ్డను ఆ గంపగుత్త జాబితాలో వేస్తే ఆమె దళిత అస్తిత్వం చెరిగిపోతుంది. అందుకే తమిళనాడుకు చెందిన దళిత ట్రాన్స్ ఉద్యమకారిణి గ్రేస్ బాను వంటివారు ప్రతి వర్గంలోనూ విడిగా వాటా ఇచ్చే సమాంతర రిజర్వేషన్ కోరుతున్నారు. కర్ణాటక 2021లో ఉద్యోగాల్లో ఒక శాతం ఆ పద్ధతిలోనే ఇచ్చింది. ఇంకొక సంగతి మరువరాదు. జహాద్ ప్రసవం జరిగింది ప్రభుత్వ ఆసుపత్రిలో. పేదవాడి హక్కు నిలబడేదీ, కూలేదీ అక్కడే.

చివరగా, జాలి. బడిలో ఆ పిల్లను ఎగతాళి చేస్తారు గదా అన్నది సదుద్దేశంతో వచ్చే మాటే, కాదనను. కానీ 1881 డిసెంబర్‌లో వీరేశలింగం రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడూ పుట్టబోయే పిల్లల గతేమిటనే లోకం అడిగింది. కులాంతర దంపతులను ఇప్పటికీ అదే అడుగుతున్నారు. ఎగతాళి చేసేవారిని ఆపకుండా, ఎగతాళికి గురయ్యేవారిని పుట్టవద్దనడం జాలి ఎలా అవుతుంది?

మన ప్రభుత్వం చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. జనన నమోదులో ‘తల్లిదండ్రులు’ అనే గడిని కోరినవారికి కోర్టు గడప తొక్కకుండానే ఇవ్వాలి. తండ్రి పత్రం లేదన్న కారణంతో కుల ధ్రువపత్రాన్ని నిరాకరించరాదని, పెంపకాన్నీ పరిసరాలనూ విచారించి ఇవ్వాలని తహసీల్దార్లకు స్పష్టమైన ఉత్తర్వు పంపాలి. సీతంపేట నుంచి చీపురుపల్లి దాకా ప్రసవాలు చూసే ప్రభుత్వ ఆసుపత్రుల సిబ్బందికి ట్రాన్స్ గర్భిణుల పట్ల ఎలా మెలగాలో శిక్షణ ఇవ్వాలి. దత్తత నిబంధనలు మార్చాలని కేంద్రాన్ని అడగాలి.

ఆ విద్యార్థి చదువు ముగించుకుని వెళ్ళిపోయాడు. తన కులం ధ్రువపత్రం కోసం తహసీల్దారు కార్యాలయం చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో ఒకసారి నాతో చెప్పాడు. తండ్రి వలస కూలీ, పత్రం ఎక్కడో పోయింది. కేరళ బిడ్డ గురించి అతను అడిగింది వెటకారం కాదు, అనుభవం. ఒక కాగితంలో తండ్రి గడి ఖాళీగా ఉంటే ఏమవుతుందో తెలిసినవాడు కనుకనే తరగతిలో అతనొక్కడే సరైన ప్రశ్న వేయగలిగాడు. మిగిలినవారం ఆ ప్రశ్న దగ్గరికి ఇప్పుడైనా చేరుకోవాలి.