వరద కబురు ఆఖరి సందు దాకా రావాలి

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి, నగర కమిషనర్ గారికి,

విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలోని మా కాలనీ నివాసులం, సొంత ఇళ్ళవాళ్ళమూ అద్దెకున్నవాళ్ళమూ కలిసి సమర్పించుకుంటున్న వినతిపత్రం.

విషయం: బుడమేరు వరద ముందస్తు హెచ్చరిక, మురుగు కాలువలు, రోడ్ల ఎత్తు, కాలనీకి సంబంధించిన మరికొన్ని అవసరాల గురించి.

ఆర్యా,

2024 సెప్టెంబరు 1, ఆదివారం. శనివారమంతా కుండపోత వాన. మా ఇళ్ళలోకి నీళ్ళు మొదట వీధి గుమ్మంలోంచి రాలేదు. స్నానాల గది తూములోంచి బుడబుడమంటూ పైకి తన్నుకొచ్చాయి. వానకు కాలువ నిండిందేమో, కాసేపట్లో అదే తీస్తుందిలే అనుకుని గోనెసంచులు అడ్డం పెట్టాం. చీపుళ్ళతో నీళ్ళు బయటికి నెడుతుంటే, రోజూ ఊరి బయటికి పారే సైడు కాలువ వెనక్కి తిరిగి మా వైపే పారుతూ కనిపించింది. ఏదో జరిగిందని అప్పుడు తెలిసింది. గంట తిరిగేసరికి మంచం పట్టెలు మునిగాయి. ముసలివాళ్ళను మేడ మీదికి ఎక్కించడానికే చేతులు సరిపోలేదు. బీరువా అడుగు అరలో ఉన్న పిల్లల సర్టిఫికెట్లు, బ్యాంకు పాసుపుస్తకాలు, ఇంటి కాగితాలు అక్కడే తడిసిపోయాయి. నీళ్ళు తీశాక వారం రోజులపాటు మా డాబాల మీద బట్టలారేసే తీగలకు పదో తరగతి మార్కుల జాబితాలే వేలాడాయి.

నీరు ఎలా వచ్చిందో తర్వాత మాకు అర్థమైంది. మైలవరం వైపు కొండల్లో పుట్టిన బుడమేరు నీటిని వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర మళ్ళింపు కాలువలోకి తిప్పి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుపుతారు. ఆ కాలువ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కుల దాకా పారింది. అంత ఎత్తున పోతున్న నదిలోకి వాగు నీరు దిగదు. దాంతో బుడమేరు కొల్లేటికి పోయే తన పాత దారి పట్టింది. ఆ దారిలోనే మేమున్నాం. సైన్యం కూడా వచ్చి చేయి వేస్తే సెప్టెంబరు 7న గండ్లు పూడాయి. ఆ రోజు వినాయక చవితి. మా వీధిలో పందిరి వేయడానికి పొడి నేల లేదు.

కొండల మీద కురిసిన వాన వెలగలేరు దాటి సింగ్‌నగర్ చేరడానికి గంటలు పడుతుంది. ఆ గంటలు ఆ రోజు మా చేతికి రాలేదు. ఈ కాగితంలో మేము అన్నిటికంటే ముందుగా అడిగేది వాటినే. వాన ఆపమని ఎవరినీ అడగలేం. కానీ రెండు గంటల ముందు కబురు అందితే ఒక మామూలు కుటుంబం ఏమేం దక్కించుకోగలదో దయచేసి చూడండి. ఆటో ఉన్నాయన దాన్ని ఫ్లైఓవర్ మీదికి తోలుకుపోతాడు. కుట్టుమిషనున్నావిడ దాన్ని మేడమీదికి మోయిస్తుంది. గ్యాస్ బండ పైకెక్కుతుంది, బిందెల్లో మంచినీళ్ళు నిండుతాయి, మందుల డబ్బా సంచిలో పడుతుంది, మంచం పట్టిన మనిషి బంధువుల ఇంటికి చేరుతుంది. ప్రభుత్వం ఆ తర్వాత ఇచ్చిన సాయం కంటే ఈ రెండు గంటలే మా కుటుంబాలకు ఎక్కువ విలువైనవి.

కాబట్టి వెలగలేరు దగ్గర నీరు ఏ మట్టానికి చేరితే మా కాలనీ జాగ్రత్తపడాలో, ఏ మట్టానికి చేరితే ఇళ్ళు ఖాళీ చేయాలో ముందే నిర్ణయించి, క్యూసెక్కుల లెక్కలో కాకుండా మా ఇంట్లో అమ్మమ్మకు కూడా అర్థమయ్యే మాటల్లో ప్రతి ఇంటికీ ఒక కాగితం ఇవ్వాలి. కరెంటు స్తంభాల మీద 2024 నీటిమట్టాన్ని ఎర్రరంగుతో గీయించాలి. ఫోనుకు సందేశం పంపితే సరిపోదు. అర్ధరాత్రి సందేశం చూసేవాళ్ళు తక్కువ. ఆ రోజు కరెంటు పోయాక ఫోన్లు కూడా ఒక్కొక్కటిగా ఆరిపోయాయి. మైకులో చెప్పాలి, సైరన్ మోగాలి. మా కాలనీలో గుడికీ మసీదుకీ చర్చికీ మైకులున్నాయి. ముగ్గురు పెద్దలతోనూ మాట్లాడాం. వరద కబురు ఏ వేళ వచ్చినా తమ మైకులో చెప్పిస్తామని ముగ్గురూ ఒప్పుకున్నారు. కబురు ఎవరు పంపాలి, ఎవరు అందుకోవాలి అన్నది తమరు ఖరారు చేస్తే చాలు.

రెండోది, నీళ్ళు వచ్చాక సాయం ఆఖరి సందుకు చేరే ఏర్పాటు. ఆ వారం రాష్ట్రం నలుమూలల నుంచీ అన్నం పొట్లాలు, పాలు, నీళ్ళ సీసాలు లారీలకొద్దీ వచ్చాయి. మొహం తెలియని వాళ్ళు మా కోసం వండి పంపారు. వాళ్ళ రుణం మేము మరిచిపోలేదు. అయితే లారీ ఫ్లైఓవర్ దగ్గర ఆగుతుంది. అక్కడి నుంచి పడవ మెయిన్ రోడ్డు వెంట వస్తుంది, రోడ్డు పక్క మేడల వాళ్ళు చేతులు చాపుతారు, సందు మొదట్లోనే పొట్లాలు అయిపోతాయి. మా ఆఖరి సందువాళ్ళు రెండో రోజు రాత్రి దాకా తడవని బియ్యం ఉన్న ఒక ఇంట్లో కిరోసిన్ స్టవ్ మీద గంజి కాచుకుని తాగారు. అదే సందులో చక్కెర జబ్బున్న ఒక పెద్దాయన తన ఇన్సులిన్ సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి మట్టికుండలో నీళ్ళలో పెట్టుకుని, అది పనిచేస్తుందో లేదో తెలియకుండానే మూడు రోజులు వేసుకున్నారు.

డయాలిసిస్‌కు వెళ్ళేవాళ్ళు, ఇన్సులిన్ వాడేవాళ్ళు, నెలలు నిండిన గర్భిణులు, నడవలేని వృద్ధులు ఏ ఇంట్లో, ఏ అంతస్తులో ఉన్నారో వార్డు సచివాలయంలో జాబితా ఉండాలి. దాన్ని ప్రతి ఏటా వానలకు ముందు సరిచూడాలి. మొదటి పడవ ఆ జాబితా పట్టుకునే బయలుదేరాలి. సందుకు ఇద్దరు చొప్పున ఈత వచ్చిన కుర్రాళ్ళ పేర్లు మేము ఇస్తాం. వాళ్ళకు శిక్షణ, లైఫ్ జాకెట్లు, తాళ్ళు ఇప్పించండి. ఆ సామాను మునిగే గదిలో కాకుండా దగ్గర్లోని బడి పై అంతస్తులో పెట్టించండి. అదే బడి మేడను ఆశ్రయంగా ప్రకటించి, పైన ఒక నీళ్ళ ట్యాంకు, రెండు మరుగుదొడ్లు కట్టిస్తే ఆడవాళ్ళ అవస్థ సగం తీరుతుంది. నీళ్ళు నిలిచిన ఆ రోజుల్లో ఆడవాళ్ళు మంచినీళ్ళు తాగడమే తగ్గించుకున్నారు. ఈ మాట రాయాలా వద్దా అని మా కాలనీ సంఘంలో చర్చ వచ్చింది. రాయాలని ఆడవాళ్ళే పట్టుబట్టారు.

సాయం డబ్బు విషయం. మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్ళకు 25,000 రూపాయలు, పై అంతస్తులవాళ్ళకు 10,000 రూపాయలు ప్రభుత్వం ప్రకటించింది. మాలో చాలామందికి అందింది, అందుకు కృతజ్ఞతలు. కానీ మా కాలనీలో అద్దెకున్నవాళ్ళు చాలామంది. వాళ్ళ కార్డు మీద చిరునామా సొంత ఊరిది, నీళ్ళలో పోయిన సామాను ఇక్కడిది. లెక్క రాయడానికి మనిషి వచ్చిన రోజున ఇల్లు కడగలేక బంధువుల ఊరు వెళ్ళినవాళ్ళ పేర్లు రాలేదు. ఇంటి యజమానికీ అద్దెవాళ్ళకూ మధ్య మాటలు పడ్డాయి, కొన్నిచోట్ల ఇప్పటికీ పలకరింపులు లేవు. ఏ ఇంట్లో ఏ అంతస్తులో ఎవరు కాపురం ఉంటున్నారో ముందే నమోదు చేసి ఉంచితే మళ్ళీ ఈ తగువు రాదు. అప్పట్లో తప్పిపోయినవాళ్ళ అర్జీలను ఇంకొక్కసారి పరిశీలించమని కోరుతున్నాం.

ఇక రోడ్లూ కాలువలూ. వరద ఎప్పుడో వస్తుంది, ఈ బాధ ప్రతి వానకూ ఉంది. మా ఇళ్ళు కట్టినప్పుడు రోడ్డు మీది నుంచి మూడు మెట్లు ఎక్కి గుమ్మంలోకి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు కొన్ని ఇళ్ళలోకి ఒక మెట్టు దిగాలి. ఇళ్ళు కుంగలేదు, రోడ్డు పెరిగింది. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది, దాని మీద ఇంకొకటి వేసుకుంటూ వచ్చారు. డబ్బున్నవాళ్ళు ఇల్లు పడగొట్టి ఎత్తు పెంచి కట్టుకుంటున్నారు. లేనివాళ్ళ గడపలోకి వాళ్ళ వాకిలి నీళ్ళు కూడా చేరుతున్నాయి. ఇక మీదట మా కాలనీలో ఏ రోడ్డు వేసినా పాత పొర తవ్వి తీశాకే వేయాలి, ముందు కాలువ వాలు చూసి తర్వాతే రోడ్డు ముట్టుకోవాలి. ఇది గట్టిగా అడుగుతున్నాం. వానాకాలం ముందు హడావిడిగా పైపూత వేసేటట్టయితే ఆ రోడ్డు మాకు వద్దు. గుంతలున్నా సర్దుకుంటాం.

సైడు కాలువల్లో పూడిక తీస్తున్నారు. తీసే కార్మికుల కష్టం కళ్ళారా చూస్తున్నాం. వాళ్ళకు చేతి తొడుగులు, బూట్లు ఇవ్వాలని కూడా ఇందులోనే కోరుతున్నాం. కానీ తీసిన పూడికను గట్టు మీదే కుప్ప పోసి వెళ్తున్నారు. మర్నాడు వాన పడితే అది మళ్ళీ కాలువలోకే జారుతోంది. తీసిన పూడిక ఆ రోజే బండికెక్కాలి. ఇందులో మా తప్పు కూడా ఉంది. బండి లోపలికి ఎక్కడానికి కాలువ మీద సిమెంటు ర్యాంపులు కట్టుకుని పార వెళ్ళే సందు లేకుండా చేసినవాళ్ళం మేమే. మొన్నటి సమావేశంలో ర్యాంపులున్న ఇళ్ళవాళ్ళంతా వాటిని తీసేసి, ఎత్తగలిగే పలకలు వేసుకుంటామని సంతకాలు చేశారు. మీవైపు నుంచి ఏ వీధి ఏ వారం శుభ్రం చేస్తారో తేదీలు ప్రకటిస్తే ఆ తేదీకి మా పని పూర్తిచేసి ఉంచుతాం.

బుడమేరు ఊరి బయట వెడల్పుగా ఉండి ఊళ్ళోకి వచ్చేసరికి సన్నబడుతుంది. గుర్రపుడెక్క, చెత్త, రెండు వైపులా కట్టడాలు. వాగును వెడల్పు చేయాలి, అందులో మాకు రెండో మాట లేదు. అయితే గట్టు మీద గుడిసె వేసుకున్నవాళ్ళలో మా ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, మా పిల్లల్ని బడికి దింపే రిక్షావాళ్ళు ఉన్నారు. 2024లో అందరికంటే ముందు మునిగింది వాళ్ళే. పనికి అందేంత దూరంలో ఇల్లు చూపించాకే వాళ్ళను కదిలించండి. పెద్ద కట్టడాలను వదిలేసి గుడిసెల దగ్గర మొదలుపెట్టకండి.

మిగిలినవి చిన్నవే అయినా రాయక తప్పదు. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఎత్తు 2024 నీటిగీత కంటే పైకి పెంచాలి. మంచినీళ్ళ పైపు మురుగు లైను పక్కనే పోతున్నచోట్ల మార్చాలి. తెల్లవారుజామున మొదటి బిందెడు నీళ్ళు ఇప్పటికీ వాసన వస్తున్నాయి. పైపుల రోడ్డు వైపు మలుపులో దీపాలు వెలగడం లేదు, రాత్రి షిఫ్టు నుంచి వచ్చే ఆడపిల్లల కోసం అన్నలో నాన్నలో అక్కడ కాచుకుని ఉంటున్నారు. వీధికుక్కలకు ఆపరేషన్లు, టీకాలు ఆగకుండా జరగాలి.

వానలు మొదలుకాకముందే ఒక రోజు ఉదయం ఆరున్నరకు తమరు స్వయంగా మా కాలనీకి రావాలని కోరుతున్నాం. ఆ వేళకు కుళాయి వస్తుంది, కాలువలు నిండుగా పారుతుంటాయి, అన్నీ కంటికి కనిపిస్తాయి. ఆఖరి సందులో ఒక ఇంటివాళ్ళు సున్నం వేయించుకుంటూ గోడ మీద వరద గీత ఉన్న జానెడు మేర మాత్రం అలాగే వదిలేశారు. కొలతలకు అక్కరకొస్తుందని మేమే ఉంచమన్నాం. మీ ఇంజినీర్లను టేపు తీసుకుని రమ్మనండి. అక్కడి నుంచే కొలత మొదలుపెడదాం.

ఇట్లు
తమ విధేయులు,
కాలనీ నివాసులు

జత: సంతకాల పత్రాలు, ర్యాంపులు తొలగించడానికి ఇంటి యజమానుల అంగీకార పత్రాలు, సందులవారీగా కాలనీ చేతి పటం.