తెరపై ధర – కాంటాకడ కోత

"అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" యను సామెతను మన పెద్దలు వినోదమునకు కల్పింపలేదు. బండెడు సరకుతో బజారు చేరిన రైతునకు కొనువాడు కానరాకుండుటయు, ఆ రైతే విత్తనములకో యెరువునకో పోయినపుడు ధర చేయి కాల్చుటయు తరతరముల యనుభవము. ఈ వైషమ్యమును రూపుమాపుటకే 2016 ఏప్రిల్ 14వ తేదీన కేంద్రప్రభుత్వము ఈ-నామ్ అను జాతీయ వ్యవసాయ విపణిని ప్రారంభించెను. ఎనిమిది రాష్ట్రములలోని 21 యార్డులతో మొదలైన యీ యేర్పాటు 2020 మే నాటికి 1000 యార్డులకు వ్యాపించెను. నిజామాబాదు, వరంగల్లు తొలివరుసలోనే చేరినవి. పిదప జమ్మికుంట, పెద్దపల్లి మొదలగు ఉత్తర తెలంగాణ విపణులును కంప్యూటరు వేలమును చేపట్టినవి. ఆశయము శ్లాఘ్యము. ఐనను ఈ సీమకు ప్రాణాధారమగు పత్తి విషయమున ఆ యాశయ మెంతవరకు నెరవేరినదని యడిగినచో, వేలము మారినది గాని బేరము మారలేదనియే మేము చెప్పవలసియున్నది.

ముందుగా యంత్రమునకు చెందవలసిన మెప్పును చెల్లించివేయుదము. పూర్వము మన దేశమున పెక్కు విపణులలో దలాలీయు కొనుగోలుదారును రుమాలు చాటున వ్రేళ్లు పట్టుకొని ధర తేల్చుకొనుచుండిరి. సరకు సొంతదారు ప్రక్కనే నిలిచియు తన సరకు ధరను తా నెరుగకుండెను. ఇట్టి చీకటిబేరములను అరికట్టుటకు జరిగిన తొలి ప్రయత్నము మన పొరుగుననే జరిగినది. పెన్‌గంగకు ఆవలనున్న బీరారు సీమలో కారంజా పత్తి విపణిని హైదరాబాదు రెసిడెన్సీ ఉత్తరువు ననుసరించి 1886లో క్రమబద్ధ మొనర్చిరి. 1897లో బీరారు పత్తి, ధాన్య విపణుల చట్టము వచ్చెను. నిజాం రాజ్యమున 1930లో వ్యవసాయ విపణుల చట్టమును, ఆంధ్రప్రదేశమున 1966లో నేటి కమిటీలకు మూలమగు చట్టమును వెలువడెను. ఈ శాసనము లన్నిటి సార మొక్కటే. ధర బహిరంగముగా తేలవలెను. తూకము సరిగా నుండవలెను. తేలిన ధర చెల్లవలెను. కంప్యూటరు వేలము ఇందు మొదటిదానిని సాధింప యత్నించినది. మూడవదానిని మాత్రము ముట్టనేలేదు.

నియమము ప్రకారము జరుగవలసిన దేమి? రైతు బండి యార్డు ద్వారము చేరగనే లాటు సంఖ్య వేయుదురు. నమూనా తీసి నాణ్యమును పరీక్షించి, ఆ ఫలితమును కంప్యూటరున నెక్కింతురు. వర్తకులు ఒకరి ధర యొకరికి తెలియకుండ, గడువు లోపల తమ తమ ధరలను వేయుదురు. గడువు ముగియగనే హెచ్చుధర వెల్లడియగును. రైతు సెల్ ఫోనునకు సందేశము పోవును. అతడు సమ్మతింపవచ్చును, నిరాకరింపవచ్చును. సమ్మతించినచో తూకము, పిమ్మట బ్యాంకు ఖాతాలో సొమ్ము. చదువుకొనుటకు ఇంతకంటె నిర్దుష్టమైన పద్ధతి యుండబోదు.

పత్తి విషయమున చిక్కంతయు ఆ రెండవ మెట్టుననే యున్నది. ట్రాలీలో నింపిన విడిపత్తికి పైనొక తేమ, అడుగున నొక తేమ. మొదటి తీతకును మూడవ తీతకును నాణ్యమున భేదము. నమూనా పరీక్ష సరిగా జరుగని చోట వర్తకుడు బండిచుట్టు తిరిగి, గుప్పెడు పత్తి లాగి, కంటికి తోచిన ధరను ఫోనులో వేయును. అనగా రుమాలు పోయి ఫోను వచ్చినది. అంచనా మాత్రము పాతదే. పిదప బండి యార్డును వీడి జిన్నింగు మిల్లునకు సాగును. అక్కడ పత్తి గుట్ట పోయగనే తేమ యెక్కువయనియు, చెత్త కలిసినదనియు, రంగు తగ్గినదనియు మాట వచ్చును, తరుగు మొదలగును. తెరపై క్వింటాలునకు 7000 రూపాయలు పలికిన సరకునకు మిల్లుకడ 300 కోసినచో, పదునైదు క్వింటాళ్ల బండిపై 4500 రూపాయలు పోయినట్లు. ప్రకటిత ధరను చూచి సంతసించు నధికారికి ఆ 4500 కానరావు. అవి యొక కుటుంబమునకు కలుపుకూలి సొమ్ము.

తేమ కల్పితమని మేమనుట లేదు. అక్టోబరు, నవంబరు మాసములలో ఆదిలాబాదు ప్రాంతమున మంచు దట్టము. తెల్లవారుజామున తీసిన పత్తి తడిసియే యుండును. తడిని దూది ధరకు కొనుమని మిల్లువాని నెవ్వరును నిర్బంధింపజాలరు. మా యాక్షేపణ తరుగుపై గాదు, నియమము లేని తరుగుపై. భారత పత్తి సంస్థ నియమమును చూడుడు. తేమ నూటికి 8 వరకు ఉన్నచో నిండు ధర. అంతకుమించి 12 వరకు ప్రతి యొక్క వంతునకు ధరలో నూటి కొక్కవంతు తగ్గింపు. 12 దాటినచో కొనుగోలు లేదు. 2025–26లో పొడుగుపింజ పత్తి మద్దతు ధర 8110 రూపాయలు గనుక, 12 వంతుల తేమగల పత్తికి 324 రూపాయలు తగ్గును. ఈ నియమము కఠినమనువారు కలరు. 12 దాటిన పత్తిని త్రిప్పి పంపుట వలన ఆదిలాబాదు రైతులు పలుమారులు ధర్నాలు చేసిరి. ఐనను ఎంత పోవునో రైతు ఇంటివద్దనే లెక్కించుకొనగలడు. వేలపు బేరమున నా యెరుక లేదు.

ఆ సంస్థ కొనుచుండగా రైతు వేలమునకేల పోవలెనని పట్టణవాసులు ప్రశ్నింపవచ్చును. 2025లో ఆ సంస్థ కపాస్ కిసాన్ అను ఫోను యాప్‌ను ప్రవేశపెట్టి, అందు పేరు నమోదు చేసికొని రోజు నిర్ణయించుకొనవలెనని విధించెను. మంచి ఫోను లేనివానికిని, కాగితముపై పేరులేని కౌలుదారునకును ఇది మరియొక ద్వారపాలకుడు. తేమ మించినవాడును, వాయిదాకు తాళలేనివాడును తుదకు వర్తకుని చెంతకే చేరును. కావున వేలము మిక్కిలి నిరుపేదకు చివరి యాశ్రయము. అచ్చటనే ధర్మము సన్నగిల్లుచున్నది.

మరి నిరాకరించు హక్కు చట్టమే యిచ్చినదిగదా యందురు. నిజము. కాని బండి బాడుగ యిచ్చి, హమాలీలకు కూలి యొప్పుకొని, మిల్లు ముంగిట పత్తి గుట్టపోసిన పిమ్మట దానిని మరల నెత్తి యింటికి గొనిపోవు రైతెవ్వడు? అడ్తిదారువద్ద విత్తననాటి యప్పు తీరకయున్నవాడు "కాదు" అని యెట్లనగలడు? అప్పు గొంతుపై నున్నంతకాలము ఫోనులోని నిరాకరణపు మీట అలంకారమాత్రమే.

కొనువాని కష్టమును కూడ మేమెరుగుదుము. పైన తెల్లగా పేర్చి అడుగున నల్లపత్తి నింపువారును, తూకము కొరకు నీరు చల్లువారును లేకపోలేదు. అందుచేతనే గుంటూరు, కోయంబత్తూరు వర్తకుడు చూడని సరకునకు ధర వేయుటకు జంకును. దూరపువారు రానందున స్థానికులు నలుగురే మిగులుదురు. నలుగురు మిగిలినచోట పోటీ సన్నగిల్లును. "జాతీయ" విపణి తాలూకా విపణిగా నిలిచిపోవుటకు మూల మిదియే. అమ్మువానికి తెలిసిన నాణ్యము కొనువానికి తెలియనపుడు మంచి సరకునకును చెడ్డధరయే పలుకునని అమెరికా యర్థశాస్త్రవేత్త జార్జి ఎకర్లాఫ్ 1970లో నిరూపించెను. మోసగాని పాపమును నిజాయితీపరుడు తరుగురూపమున చెల్లించుచున్నాడు.

ముఖముఖాలు చూడని లక్షలజనము మధ్య వేలములు నడిపిన ఈబే సంస్థ చరిత్ర యిచ్చట స్మరణీయము. 1995లో అమెరికాలో పుట్టిన యా సంస్థ, బేరము ముగిసిన పిదప అమ్మువాడును కొనువాడును ఒకరినిగూర్చి యొకరు అభిప్రాయము వ్రాయు పద్ధతి పెట్టెను. చెడ్డపేరు మోసగానిని వెంటాడెను. కాని ఫిర్యాదు చేసిన కొనుగోలుదారుపై అమ్మువారు ప్రతీకారముగా చెడ్డవ్రాతలు వ్రాయుటచే జనము నిజము చెప్ప వెరచిరి. అందుచే 2008లో అమ్మువారికి కొనుగోలుదారుని నిందించు నధికారమును తీసివేసిరి. మన యార్డులలోను భయ మదియే. ధర కోసినవానిపై నేడు ఫిర్యాదు చేసిన రైతు రేపు అప్పునకు అతని గుమ్మమే తొక్కవలెను. కావున రైతు నోట ఫిర్యాదు వచ్చువరకు వేచియుండుట విపణి కమిటీలకు తగదు. లెక్కయే ఫిర్యాదు చేయవలెను.

ఇందులకు మేము సూచించునవి నాలుగు. మొదటిది, ధర వేయుటకు ముందే బండి పైన, నడుమ, అడుగున తేమ కొలిచి, ఆ మూడంకెలను లాటు సంఖ్యతోపాటు తెరపై చూపవలెను. రెండవది, తేమకును చెత్తకును తరుగు పట్టికను ముందుగనే ప్రకటింపవలెను. మిల్లుకడ లోపము బయటపడినచో కమిటీ యుద్యోగి సమక్షమున, ఆ పట్టిక ప్రకారమే తగ్గింపు జరుగవలెను. అప్పుడు నీరు చల్లినవాడును దండన తప్పించుకొనలేడు. మూడవది, తక్‌పట్టీపై వేలపు ధరయు చెల్లించిన ధరయు ప్రక్కప్రక్కనే వ్రాయవలెను; ఆ రెంటి వ్యత్యాసమును వర్తకునివారీగా నెలనెలా యార్డు గోడపై నంటింపవలెను. మాటిమాటికి మాట తప్పువాని లైసెన్సును నిలుపవలెను. నాలుగవది, ధర నచ్చని రైతునకు ఒకటి రెండు రాత్రులు రుసుము లేక షెడ్డులో చోటును, సరకు పూచీపై కొంత సొమ్మును దొరకవలెను. నిలువనీడ లేనివానికి నిరాకరణ హక్కు లేదు.

భూవసతిగల పాఠకులకు ఒక్కమాట. మీరు పత్తి నింట నిలువచేసి సంక్రాంతి దాటించి యమ్మగలరు. వేలపు బాధ మీది గాదని తోచవచ్చును. కాని అక్టోబరులో నిస్సహాయుడు ఒప్పుకొన్న ధరయే జనవరిలో మీ బేరమునకు ఆరంభ మగును. కమిటీలలో మాట చెల్లువారు మీరే. న్యాయముగా వ్యాపారము చేయు వర్తకులకును ఇది హితమే. ధర కోయుదునను ధైర్యముతో హెచ్చుపాట పాడువాడు మొదట నోడించునది నిజాయితీపరుడగు తోటి వర్తకునినే.

కారంజాలో 1886లో మొదలైన పని నేటికిని ముగియలేదు. రుమాలు తొలగించుటకు కొన్ని తరములు పట్టినవి. తెరపై పలికిన ధర రైతు చేతికి చేరుటకు మరల అన్ని తరములు పట్టనక్కరలేదు. కావలసిన యంత్రము యార్డులో నున్నది, చట్టము పుస్తకమున నున్నది. రానున్న పత్తికారుకు ముందే కమిటీలు ఆ తక్‌పట్టీపై రెండవ ధరను వ్రాయించుటతో పని మొదలుపెట్టవలెను.